మిరియాల పాలలో వేడి ఎక్కడుంది?

శ్రీరామనవమి నాడు పందిట్లో పానకం పోస్తారు. బెల్లం, మిరియాలు, శొంఠి, ఏలకులు, చన్నీళ్లు. ఎండలు ముదురుతున్నాయి, చలవ చేస్తుంది, ఇంకో గ్లాసు తాగమంటారు. ఎనిమిది నెలలు తిరిగి ధనుర్మాసం వస్తుంది. ఇంట్లో పిల్లాడు రెండు తుమ్ములు తుమ్మితే చాలు, మళ్లీ అవే డబ్బాలు అటక దిగుతాయి. అవే మిరియాలు, అదే శొంఠి, తీపికి బెల్లమో పటికబెల్లమో. ఈసారి చన్నీళ్లకు బదులు మరిగే పాలు. "తాగరా, ఒంట్లో వేడి పుడుతుంది" అంటారు.

చైత్రంలో చలవ చేసిన సరుకే పుష్యంలో వేడి ఎలా చేస్తుంది? చిన్నప్పుడు మా అమ్మమ్మను ఇదే అడిగితే, "చల్లారిపోతున్నాయి, ముందు తాగు" అంది. తప్పించుకుందని అప్పట్లో అనుకున్నాను. ఇప్పుడు చదివి చూస్తే చలవ, వేడి అనే ఆ రెండు మాటలూ నిజమేనని తేలింది. అదెలాగో చెప్పాలంటే ముందు చిన్న లెక్క వేయాలి.

గ్లాసుడు పాలంటే 200 మిల్లీలీటర్లు. ఊదుకుంటూ తాగగలిగే వేడి 60 డిగ్రీల సెల్సియస్ అనుకుందాం. ఒంటి వేడి 37. తేడా 23 డిగ్రీలు. పాలను నీళ్లలాగే లెక్కగట్టి 200ని 23తో గుణిస్తే 4,600 కేలరీలు, అంటే బిస్కెట్ పొట్లం మీద రాసే లెక్కలో 4.6 కిలో కేలరీలు. 60 కిలోల మనిషి ఒంటి వేడి ఒక్క డిగ్రీ పెరగాలంటే ఇంచుమించు 50 కిలో కేలరీలు కావాలి. అంటే గ్లాసు మొత్తం తాగినా పెరిగేది డిగ్రీలో పదో వంతు కూడా కాదు. చేతులు కట్టుకుని ఊరికే కూర్చున్నా మన ఒళ్లు గంటకు 70 కిలో కేలరీల దాకా వేడి పుట్టిస్తూనే ఉంటుంది. పాలగ్లాసు తెచ్చిన వేడి, ఒళ్లు తనంతట తాను నాలుగు నిమిషాల్లో తయారు చేసుకునే వేడి.

కాబట్టి పాల వేడి వల్ల ఒళ్లు వెచ్చబడదు. వెచ్చబడినట్టు మనకు తెలిసేది మాత్రం అబద్ధం కాదు.

నోరు మండితే

మనం వేడి కాఫీ గబుక్కున తాగినా "నోరు మండింది" అంటాం, పచ్చిమిరపకాయ కొరికినా "నోరు మండింది" అంటాం. రెండూ వేరువేరు సంగతులని తెలిసీ మాట మాత్రం ఒక్కటే వాడతాం. భాష ఎప్పుడో పట్టేసిన ఈ విషయం ప్రయోగశాలలో తేలడానికి 1997 దాకా పట్టింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ జూలియస్ బృందం మిరపకాయలోని క్యాప్సైసిన్ నరాల మీద ఎక్కడ పని చేస్తుందో వెతుకుతూ పోతే, టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ దొరికింది. 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే తెరుచుకునే గుమ్మం అది. క్యాప్సైసిన్ తగిలినా అదే గుమ్మం తెరుచుకుంటుంది. మెదడుకు చేరే కబురు ఒక్కటే: కాలుతోంది. ఈ పనికి జూలియస్‌కు 2021లో ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది.

మిరియంలోని పైపరిన్, అల్లంలోని జింజెరాల్ కూడా ఈ గుమ్మాన్నే తడతాయి, మిరపకాయంత గట్టిగా కాకపోయినా. మిరప మన దేశానికి వచ్చిందే పోర్చుగీసుల తర్వాత. అంతకుముందు వంటింట్లో కారమంటే మిరియమే. కొత్తగా వచ్చిన కాయ పాత దినుసు పేరునే తగిలించుకుని మిరపకాయ అయింది.

ఇక కాలుతోందని కబురు అందాక మెదడు ఊరుకోదు. ఒంటిని చల్లబరచమని హుకుం జారీ చేస్తుంది. చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి, ముఖం ఎర్రబడుతుంది, ముక్కు మీద, నుదుటి మీద చెమట పడుతుంది. ఎండాకాలం పందిట్లో ఆ చెమటకు కాస్త గాలి తగిలితే హాయిగా ఉంటుంది, దాన్ని చలవ అన్నాం. చలికాలంలో చల్లబడి బిగుసుకున్న చర్మంలోకి వెచ్చటి రక్తం పరిగెడుతుంది. చలీ వేడీ మనకు తెలిసేది చర్మం వల్లే కాబట్టి ఒంట్లో వేడి పుట్టిందన్నాం. లోపల జరిగేది ఒక్కటే. కారం ఒంటికి వేడి ఇవ్వదు, ఉన్న వేడిని పైకి తెస్తుంది. ఋతువును బట్టి దానికి మనం రెండు పేర్లు పెట్టుకున్నాం.

పానకంలో మిరియం చిటికెడే వేస్తారు, దానికి చెమటలు కారిపోవు నిజమే. అయినా దారి అదే.

అల్లం కన్నా శొంఠికి ఘాటెక్కువ ఎందుకన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఎండితే నీరు పోయి చిక్కబడింది, అంతే కదా అనుకుంటాం. అంతే కాదు. ఎండబెట్టినప్పుడు, వేడి చేసినప్పుడు జింజెరాల్ నుంచి నీటి అణువు ఒకటి ఊడిపోయి షోగాల్ అనే వేరే పదార్థం అవుతుంది. దాని ఘాటు రెండింతలకు పైమాటే. శొంఠి లేని కషాయం లేదని సామెత ఊరికే పుట్టలేదు. మిరియం సంగతి వేరు. పైపరిన్ నీళ్లలో సరిగ్గా కరగదు, కొవ్వులో, సారాయిలో బాగా కరుగుతుంది. అందుకే మిరియాలను నీళ్లలో కాచిన కషాయం కన్నా చిక్కటి పాలలో కాచిన కషాయం గొంతును ఎక్కువసేపు పట్టుకుంటుంది. ఈ పనికి మిక్సీ పొడి కన్నా రోట్లో కచ్చాపచ్చాగా దంచినదే నాకు నచ్చుతుంది. మెత్తటి పొడి గ్లాసు అడుగున బురదలా దిగి, ఆఖరి గుక్కలో ఒక్కసారిగా తగులుతుంది. బెల్లం వేసేవాళ్లు పాలు దించి, కాస్త ఆగి వేయాలి, పొయ్యి మీదుండగా వేస్తే విరిగిపోతాయి. పటికబెల్లం వాడకం వచ్చింది ఆ భయంతోనే అయి ఉంటుందని నా అనుమానం.

మరి నిజమైన వేడి?

అది తీపిలో, కొవ్వులో ఉంది. రెండు చెంచాల పంచదారలో 40 కిలో కేలరీలు, ఆ గ్లాసుడు పాలలో మరో 120 పైన. 4.6 ఎక్కడ, 160 ఎక్కడ! అయితే ఇది తాగగానే మండే మంట కాదు. పొయ్యి పక్కన చేర్చి పెట్టుకున్న కట్టెల్లాంటిది, ఒళ్లు కావలసినప్పుడు లాక్కుని వాడుకుంటుంది.

ఈ తేడా పట్టుకుని దేశపటం చూస్తే ఒకటి కనిపిస్తుంది. చలి నిజంగా ప్రాణం తీసేంత ఉండే చోట ఘాటు పానీయాలు పెద్దగా లేవు. లడఖ్‌లో గుర్‌గుర్ చాయ్ అంటే టీ డికాషన్‌లో వెన్న, ఉప్పు వేసి పొడవాటి చెక్క గొట్టంలో చిలికినది. చిలికేటప్పుడు వచ్చే చప్పుడే దాని పేరు. మిరియమూ లేదు, అల్లమూ లేదు, ఉన్నది కొవ్వు. కొవ్వు గ్రాముకు 9 కిలో కేలరీలు ఇస్తుంది, పంచదార ఇచ్చేది 4. కశ్మీర్‌లో డిసెంబరు 21 నుంచి 40 రోజుల గడ్డుచలిని చిల్లై కలాన్ అంటారు. అప్పుడు రోజూ తాగేది నూన్ చాయ్. ఆకుపచ్చ టీ ఆకును వంటసోడా వేసి ఎర్రటి రంగు వచ్చేదాకా మరిగించి, పాలు, ఉప్పు కలిపితే గులాబీ రంగు తిరిగే టీ. కుంకుమపువ్వు, ఏలకులు, దాల్చినచెక్క, బాదం పలుకులు వేసే కహ్వా కూడా వాళ్లదే, కానీ దాని దర్జా అంతా విందుల్లో, అతిథి మర్యాదల్లో. ఘాటు దినుసులు కాస్త చలి, కాస్త డబ్బు రెండూ ఉన్న చోటి సరదా అని నేననుకుంటాను.

చిక్కదనం ఇంకో దారి. మెక్సికోలో మొక్కజొన్న పిండి, కోకో కలిపి కాచే చంపురాదో, టర్కీలో ఆర్కిడ్ దుంపల పొడితో చేసే సాలెప్, మన రాగిజావ. చిక్కటి ద్రవం పల్చటి దానంత త్వరగా చల్లారదు, నాలుక కాలేదీ అందుకే. ఆ టర్కీ దుంపల చుట్టమే మన మూలికల దుకాణాల్లో సాలామిశ్రీ పేరుతో దొరుకుతుంది.

మందుగా మొదలై

తెలుగులో మందు అంటే ఔషధం, మందు అంటే సారాయి. ఐరోపా చలికాలపు పానీయాల చరిత్ర మొత్తం ఈ ఒక్క మాటలో ఇమిడిపోతుంది.

రోమన్ల వంటల సంకలనం అపీసియుస్ పేరు మీద మనకు మిగిలింది. అందులో మొట్టమొదటి వంటకమే కండిటుమ్ పారడాక్సుమ్ అనే మసాలా వైన్. తేనె, వైన్ కలిపి కాచి మిరియాలు, కుంకుమపువ్వు, ఖర్జూరాలు వేస్తారు. ఆ మిరియాలు మలబారు తీరం నుంచి ఓడల్లో వెళ్లినవి. ఎర్ర సముద్రపు ఒడ్డున ఈజిప్టులోని బెరెనికే రేవులో, ఒక గుడి దగ్గర, మన దేశపు బానలో ఏడున్నర కిలోల మిరియాలు తవ్వకాల్లో బయటపడ్డాయి. క్రీ.శ. 79లో చనిపోయిన రోమన్ రచయిత ప్లినీ రోమ్‌లో ధరలు రాసిపెట్టాడు. పౌండు పిప్పళ్లు 15 దినారులు, తెల్ల మిరియాలు 7, నల్లవి 4. రుచీ లేదు, రూపమూ లేదు, ఉన్నదల్లా ఘాటే, దీని కోసం ఇండియా దాకా పోవాలా అని ఆయన బాధ. పిప్పలి అన్న మన మాటే గ్రీకులో పెపెరి, లాటిన్‌లో పైపర్, ఇంగ్లీషులో పెప్పర్ అయింది. శృంగవేరం జింజర్ అయింది. శర్కర షుగర్ అయింది. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు కలిపి ఆయుర్వేదం త్రికటువు అంటుంది. వాటిలో అల్లం, పిప్పలి పేర్లు మన ఒడ్డు దాటి వెళ్లాయి.

మధ్యయుగాల్లో ఐరోపా వాళ్లు దాల్చినచెక్క, అల్లం, పంచదార వేసిన వైన్‌ను హిప్పోక్రాస్ అన్నారు. వడకట్టే గుడ్డసంచికి వైద్యపితామహుడు హిప్పోక్రటీస్ పేరు ఉండేది, పానీయానికి ఆ పేరు అంటుకుంది. అరుగుదలకు మంచిదని భోజనం చివర తాగేవారు. దినుసుల ధర వల్ల అది రాజులకూ ప్రభువులకూ మాత్రమే అందేది. ఓడలు పెరిగి, ధరలు పడ్డాక మందుపెట్టెలోంచి వీధిలోకి వచ్చింది. జర్మనీలో గ్లూవైన్, స్వీడన్‌లో గ్లోగ్ దాని వారసులే. డ్రెస్డెన్‌లో 1434 నుంచి నడుస్తున్న క్రిస్మస్ సంత లాంటి చోట్ల, అక్కడ చదువుకునే మన పిల్లలు డిసెంబరులో దిగి పంపే ఫొటో మీరూ చూసి ఉంటారు. చేతిలో ఊరి బొమ్మ ఉన్న పింగాణీ కప్పు, మీద ఆవిరి. కప్పుకు డిపాజిట్ కడతారు, తిరిగిస్తే డబ్బు వెనక్కి. చాలామంది ఇవ్వరు. అందులోని లవంగం ఇండోనేసియా దీవుల మొక్క, దాల్చినచెక్క శ్రీలంకది, అనాసపువ్వు చైనా వైపుది. మంచు పడే జర్మన్ నేలలో వాటిలో ఒక్కటీ పండదు. చలికాలపు రుచి అని ప్రపంచం అనుకునేది చలే ఎరుగని ఉక్కపోత దేశాల పంట.

వైన్‌లోని ఆల్కహాల్ చేసే పని మిరియం పనికి దగ్గరి బంధువు. చర్మంలోని నాళాలను వెడల్పు చేస్తుంది, వెచ్చగా తోస్తుంది, లోపలి వేడి బయటికి పోతుంది. మిరియం ఇది చిన్నగా చేస్తే ఆల్కహాల్ పెద్దగా చేస్తుంది. పైగా వణుకు తగ్గిస్తుంది, ప్రమాదం తెలియనివ్వదు. సంతలో పది నిమిషాలు నిలబడి ఇంటికెళ్లేవాడికి ఫరవాలేదు. మంచులో చిక్కుకున్నవాడికి బ్రాందీ పోయడం సినిమాల్లో బాగుంటుంది గానీ మనిషికి చేటు. గ్లూవైన్‌ను మరగనివ్వకూడదంటారు, ఎందుకంటే ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది.

ఈ కథలో మన సముద్రతీరానికి ఇంకో వాటా ఉంది. పంచ్ అనే పానీయం ఇంగ్లండులో తర్వాత రోజుల్లో చలికాలం వేడివేడిగా తాగేదిగా పేరు పొందింది. ఆ మాట ఇంగ్లీషు రాతల్లో మొదట కనిపించేది 1632 సెప్టెంబరు 28 నాటి ఉత్తరంలో. రాసినవాడు రాబర్ట్ ఆడమ్స్. అందుకున్నవాడు పెట్టపోలీలో వర్తకుడు తామస్ కోలీ. పెట్టపోలీ అంటే మన నిజాంపట్నం, ఇప్పటి బాపట్ల జిల్లా. 1611లోనే ఈస్టిండియా కంపెనీ అక్కడ గిడ్డంగి పెట్టింది. పంచ్ తాగే విషయంలో కోలీకి ఆడమ్స్ చెప్పే మాట అందులో ఉంది. సారా, పంచదార, నిమ్మరసం, నీళ్లు, దినుసులు, ఈ అయిదూ కలుపుతారు కాబట్టి పంచ నుంచి పంచ్ వచ్చిందని ఆ శతాబ్దంలోనే ఇండియా తిరిగిన జాన్ ఫ్రయర్ రాశాడు. కాదు, పీపాకున్న పేరు నుంచి వచ్చిందనేవాళ్లూ ఉన్నారు. ఏదైనా ఆ మాట కాగితం మీదికి ఎక్కింది నిజాంపట్నం చేరిన ఉత్తరంలోనే. ఆ ఊరి ఉక్కకు అక్కడ దాన్ని ఎవరూ కాచుకుని తాగి ఉండరు.

మసాలా టీని మన ప్రాచీన సంప్రదాయం కింద జమకట్టేవాళ్లున్నారు. కషాయం పాతదే, టీ కొత్తది. అస్సాం తోటలు లేచింది 19వ శతాబ్దంలో. టీ అమ్ముకునే కంపెనీలకు మొదట్లో మసాలా అంటే గిట్టేది కాదు, దినుసులు వేస్తే ఆకు తక్కువ పడుతుందని. 1930లో అస్సాంలో విలియం మెకెర్చర్ ఆకును నలిపి, చింపి, గుండ్రటి గుళికలు చేసే సీటీసీ పద్ధతి కనిపెట్టాడు. చవకగా చిక్కటి డికాషన్ దిగే ఆ పొడి తర్వాతి దశాబ్దాల్లో బజారు నిండాకే వీధి చివర అల్లం టీ మనదైంది. తమిళుల సుక్కు కాపీలో అసలు కాఫీ ఉండదు, శొంఠి ధనియాల కషాయానికి కాఫీ పేరు తగిలించారు. కొత్త మోజుకు పాత మందు పేరు మార్చుకుంది.

ఇంతకీ ఎందుకంత హాయి

ఒళ్లు వెచ్చబడదు, జలుబు తగ్గదు. మరి తాగితే అంత ఉపశమనం ఎందుకు? 2008లో బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో జలుబు చేసిన 30 మందికి ఒకే పండ్ల పానీయాన్ని వేడిగానూ, గది వేడిమిలోనూ ఇచ్చి చూశారు. ముక్కులోంచి గాలి ఎంత ఆడుతోందో యంత్రంతో కొలిస్తే వేడిది తాగినా తేడా లేదు. కానీ ముక్కు కారడం, దగ్గు, తుమ్ములు, గొంతు మంట, చలి, నీరసం అన్నీ తగ్గాయని తాగినవాళ్లు చెప్పారు. చల్లటిది తాగినప్పుడు అంత తగ్గలేదన్నారు. యంత్రం ఒప్పుకోని ఉపశమనం మనిషికి దొరికింది. నా మట్టుకు నాకది చాలు.

వేడి కప్పు చేత్తో పట్టుకుంటే ఎదుటి మనిషి మీద అభిమానం పెరుగుతుందని అదే ఏడాది అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది, పత్రికలన్నీ ఎత్తుకున్నాయి. తర్వాత ఎక్కువమందితో మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. కప్పును చూసి మనుషుల్ని నమ్మకండి.

పసుపు పాల గొప్పలకూ కాస్త కళ్లెం కావాలి. మిరియం వేస్తే పసుపులోని కర్కుమిన్ ఒంటికి ఇరవై రెట్లు ఎక్కువ పడుతుందని 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధనలో తేలిన మాట నిజం. అయితే అందులో వాడింది 2 గ్రాముల శుద్ధ కర్కుమిన్. మనం పాలలో వేసే అరచెంచా పసుపులో ఉండేది అందులో నలభయ్యో వంతు. మందనుకుని తాగితే నిరాశే, బాగుందని తాగితే చాలు. మరీ పొగలు కక్కుతుండగా మాత్రం వద్దు. 65 డిగ్రీలు దాటిన పానీయాలు అన్నవాహికకు క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2016లో వాటిని అనుమానితుల జాబితాలో చేర్చింది.

నిరుడు జనవరిలో లంబసింగి వెళ్లాం. వెయ్యి మీటర్ల ఎత్తు, తెల్లారి అయిదున్నర, ముందు నడిచే మనిషి కనపడనంత పొగమంచు. ఆ ఊరికి కొర్రబయలు అని పాత పేరు. బయట పడుకుంటే కొర్రులా బిగుసుకుపోతారట. రోడ్డు పక్క బల్ల మీద పొయ్యి పెట్టి ఒకాయన టీ కాస్తున్నాడు. వెనకే సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకుని మిరియం తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు. ఆయన గిన్నెలో మరుగుతున్నది మాత్రం పొట్లం చింపి పోసిన టీ పొడి. తీగ వైపు చూపించి, "రెండు మిరియాలు దంచి వేస్తావా బాబాయ్?" అన్నాను.

గరిటె ఆపి నా ముఖంలోకి చూశాడు. "ఏం బాబూ, జలుబు చేసిందా?"